మృగశిర నుంచి హస్త దాకా: ఈ వానాకాలానికి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

నాగోలు_రాయదుర్గం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఈ వానాకాలంలో చదవడానికి తెలుగు పుస్తకాల జాబితా వేసుకోవాలనుకుంటున్నాను. నాకున్న వెసులుబాటు ఇది. పొద్దున మెట్రోలో నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లేటప్పుడు చదువుకోవడానికి 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. సాయంత్రం నిలబడే రావాలి కాబట్టి చదవడం కుదరదు. ఆదివారం ఇంకో గంట దొరుకుతుంది. తెలుగు పదో తరగతి వరకే, ఆ తర్వాత చదివిందంతా ఇంగ్లీషు. ఇప్పుడు తెలుగు పేజీ ఒకటి చదవడానికి మూడు నిమిషాలు పడుతోంది. ఖర్చు 1,500 రూపాయలు దాటకూడదు.

అడగదలచుకున్నవి నాలుగు. ఇంత సమయంలో ఎన్ని పుస్తకాలు పెట్టుకోవచ్చు? దేనితో మొదలుపెట్టాలి? ‘వేయిపడగలు’ లాంటి పెద్ద నవల ఇప్పుడే పట్టుకోవచ్చా? కొత్తవి కొనాలా, ఆబిడ్స్‌లో పాతవి వెతుక్కోవాలా? రోజూ సంచిలో వెళ్లే పుస్తకం వానకి పాడవకుండా ఏం చెయ్యాలో కూడా ఎవరైనా చెబితే మేలు.

పుటల_లెక్క

పేర్లు తర్వాత చూద్దామండీ, ముందు పేజీలు లెక్క వేద్దాం. జాబితాలు మధ్యలో ఆగిపోవడానికి పెద్ద కారణం రుచి కాదు, లెక్క తప్పడం.

మీకు వారానికి 200 నిమిషాలు, ఆదివారం 60. మొత్తం 260. పేజీకి 3 నిమిషాల చొప్పున వారానికి 86 పేజీలు. వానాకాలాన్ని కార్తెలతో కొలిస్తే పని సులువు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. తర్వాత ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త. కార్తెకి 13, 14 రోజులు. అక్టోబరు 10 ప్రాంతంలో హస్త వెళ్లిపోయేసరికి తొమ్మిది కార్తెలు, దాదాపు 18 వారాలు. కాగితం మీద 1,550 పేజీలు తేలుతాయి. అందులో మూడో వంతు కొట్టెయ్యండి. వాన పడితే మెట్రోలో జనం పెరుగుతారు, సీటు దొరకదు. బోనాలు, రాఖీ, వినాయక చవితి, బతుకమ్మ అన్నీ ఈ నెలల చుట్టూనే. మిగిలేది వెయ్యి పేజీలు. మీ అసలు పెట్టుబడి అది.

‘పేజీ’ అన్నా కూడా అన్నీ ఒకటి కావు. కొనే ముందు పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి, వరుసలెన్నో లెక్కపెట్టండి. మూడు వరుసల్లో మాటలు లెక్కపెట్టి సగటు చూసి గుణించండి. మామూలు డెమీ సైజు (నవలలు ఎక్కువగా అచ్చయ్యే సైజు) పుస్తకంలో 28 నుంచి 32 వరుసలు, వరుసకి ఏడెనిమిది మాటలు ఉంటాయి, అంటే 200 నుంచి 240 మాటలు. పాత ముద్రణల్లో చిన్న అచ్చుతో 36 వరుసలు దాటేవీ ఉన్నాయి. అలాంటి 200 పేజీల పుస్తకం మీ లెక్కలో 250 పేజీలతో సమానం. ఇది చూడకుండా వెనక అట్ట మీది పేజీల సంఖ్య నమ్మితే రెండో కార్తెకే వెనకబడతారు.

మీ వేగం గురించి ఒక మాట. ఇంగ్లీషులో క్రియ వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. తెలుగులో ‘లేచి, ముఖం కడుక్కుని, గొడుగు తీసుకుని, వీధిలోకి వచ్చి’ అంటూ సాగి, ఏం చేశాడన్నది చివర్న తేలుతుంది. ఇంగ్లీషుకి అలవాటుపడిన కన్ను మధ్యలోనే క్రియ కోసం వెతుక్కుని, దొరక్క, వాక్యం మొదటికి తిరిగి వెళ్తుంది. మీ మూడు నిమిషాల్లో కొంత అలా వెనక్కి వెళ్లడానికే పోతోంది. దీనికి మందు, వాక్యం చివరిదాకా ఆగకుండా వెళ్లడం. ఇంట్లో రోజుకి రెండు పేజీలు పైకి చదవండి. పైకి చదివేటప్పుడు నోరు వెనక్కి వెళ్లదు, కన్ను దాన్ని అనుసరిస్తుంది. మొదటి 200 పేజీలు దాటాక మళ్లీ గడియారం పెట్టి చూసుకోండి. పేజీ రెండు నిమిషాల దగ్గరికి వస్తే జాబితాకి ఇంకో పుస్తకం కలపండి. అప్పటిదాకా కలపొద్దు.

ఇక పేర్లు. మృగశిరలో నవల మొదలుపెట్టొద్దు, కథ చదవండి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఒక్కటి చాలు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ ఇదే. తన సూత్రాల మీద తనకి మహా నమ్మకం ఉన్న రావుగారు, రైల్లో ముష్టెత్తే ఆడమనిషి, దిగిన స్టేషన్లో తుపాను. వాక్యాలు పొడుగు కావు, ఒకటి రెండు ప్రయాణాల్లో అయిపోతుంది. పూర్తిచేశామన్న తృప్తి మొదటి వారంలోనే రావాలి, కథ వల్ల వచ్చే లాభం అది.

ఆ వెంటనే కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిన్న నవల. పొద్దు గుంకిన దగ్గర నుంచి తెల్లవారే లోపు జరిగే కథ. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. మనుషులు తక్కువ, పేర్లు గుర్తుపెట్టుకునే బాధ లేదు. మెట్రోలో ముక్కలు ముక్కలుగా చదివేవాళ్లు పుస్తకం వదిలేసేది చాలాసార్లు ‘ఈ సుబ్బయ్య ఎవరు?’ అన్న దగ్గరే. అందుకే మొదటి నవలలో పాత్రలు ఐదారుకి మించకుండా చూసుకోవాలి.

మూడోది డాక్టరు పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల. 1957, 58లో తెలుగు స్వతంత్రలో వారం వారం వచ్చింది. వారపత్రికలో వచ్చిన నవలలకి ఒక సుగుణం ఉంటుంది. ప్రతి భాగం ఎక్కడో ఒక చోట బిగువుగా ఆగుతుంది. మీ 40 నిమిషాలకి ఆ కొలత చక్కగా సరిపోతుంది. మాటల సంభాషణ ఎక్కువ కాబట్టి పేజీ త్వరగా తిరుగుతుంది కూడా. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి మూలం ఇదే గానీ సినిమా చూసి ముఖ్య పాత్ర ఇందిర తెలిసిపోయిందనుకోవద్దు. నవల్లో ఇందిర వేరు.

‘వేయిపడగలు’ ఈ వానల్లో వద్దు. అది బాగోలేక కాదు. అచ్చులో వెయ్యి పేజీలకి అటూ ఇటూ ఉంటుంది, అంటే మీ పెట్టుబడి మొత్తం దానికే. పైగా విశ్వనాథ వచనంలో వాక్యం నిదానంగా నడుస్తుంది, మధ్యమధ్య చర్చ ఉంటుంది, కథ ఆగి ఊరి గురించి, గుడి గురించి చెబుతుంది. పేజీకి మూడు నిమిషాలు ఐదవుతాయి. హస్త వెళ్లాక, మీ వేగం రెండుకి వచ్చాక, కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతికి ముగించేలా పెట్టుకోండి. అదీ ఇంట్లో. అంత బరువు మెట్రోలో ఒంటి చేత్తో పట్టుకోలేరు.

గడీ_గవాక్షం

పుటల లెక్క అన్న చెప్పిన లెక్క మంచిగుంది, పేజీల సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంట. కానీ జాబితాల హైదరాబాదు ఏదన్నా? నాగోలు నుంచి రాయదుర్గం పోయే మనిషికి ఉస్మానియా, చార్మినారు, గడీలు (దొరల కోటల లాంటి ఇండ్లు) లేని జాబితా ఇస్తే ఎట్ల?

నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్ కథలు’ పెట్టుకోండ్రి. పాత బస్తీ ఇండ్లు, దివాణాలు, హిందూ ముస్లిం కుటుంబాల నడుమ రాకపోకలు లోపల నుంచి చూసి రాసిన కథలు. అందుల ‘యుగాంతం’ అన్న కథ 1948 చుట్టుపక్కల హైదరాబాదు ఎట్ల కలతపడ్డదో చెప్తది. అది ఒక్కటి ఆదివారం నాడు గంట తీసి చదువుండ్రి, రైల్ల కాదు. మిగతావి రైల్ల చదువొచ్చు.

నవల కావాల్నంటే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955), దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. రెండిట్ల మొదటిసారి చదివేటోళ్లకు ‘చిల్లర దేవుళ్లు’ సులువు. ఎందుకంటే అండ్ల పాణి అనే పాటగాడు బతుకుదెరువుకు బయటి నుంచి ఊర్లెకు వస్తడు. ఆయనకు ఏది కొత్తనో మనకూ అదే కొత్త. దొర ఎవరు, కరణం ఎవరు, గడీల ఏం జరుగుతది అన్నది ఆయనతోని పాటు మనం నేర్చుకుంటం. ‘ప్రజల మనిషి’ల అట్ల చెయ్యి పట్టుకొని తిప్పేటోడు లేడు, ఊరు నేరుగ ఎదురైతది. కాబట్టి అది రెండోది.

ఇక్కడ అందరూ ఆగేది మాటల దగ్గర. యాస దగ్గర కాదు. యాస పది పేజీలకు చెవికి పడతది. ఆగేది నిజాం కాలం నాటి కచేరీ (సర్కారు ఆఫీసు) మాటల దగ్గర. ఆఖరి అట్ట లోపలి పక్క పెన్సిలుతోని ఒక చిన్న పట్టీ రాసుకోండ్రి. గిర్దావరు అంటే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు. అమీను అంటే ఠాణాల సబ్ ఇన్‌స్పెక్టరు లాంటోడు. సర్ఫెఖాస్ అంటే నిజాం సొంత భూములు. ముల్కీ అంటే ఈ రాజ్యంల పుట్టినోడు. పట్వారీ అంటే లెక్కలు రాసే కరణం. వెట్టి అంటే కూలి లేకుండ చేయించుకునే పని. ఇట్ల ఇరవై మాటలు రాసుకుంటే అదే పట్టీ రెండు నవలలకూ, కేశవస్వామి కథలకూ పనికొస్తది. అందుకే ఈ మూడూ ఒకదాని ఎన్క ఒకటి చదవాలె. నడుమ వేరే ప్రాంతం పుస్తకం పెడితే ఆ మాటలు మళ్ల మొదటి నుంచి.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) గురించి కూడ చెప్పాలె. 1955ల సాహిత్య అకాడమీ తెలుగుకు మొట్టమొదట ఇచ్చిన బహుమతి దానికే. దాన్ని మొదటి పేజీ నుంచి ఆఖరి దాక చదువుడు పెట్టుకోవద్దు, సగంల ఆగుతది. యుగానికి ఒక అధ్యాయం ఉంటది. కాకతీయుల అధ్యాయం ఒకటి తీసుకోండ్రి. ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలాడిన్రు అని పాత కావ్యాల నుంచి ఏరి పెట్టిండు. పద్యాలు అడ్డం వస్తయి. పద్యం కింద ఆయన చెప్పిన వివరణ చదివి ముందుకు పోండ్రి, పద్యం మీద కుస్తీ పట్టకండ్రి. లైబ్రరీల తీసుకుంటే కొనే పని లేదు.

ఇంకొకటి. నవీన్ ‘అంపశయ్య’ (1969) ఉస్మానియా హాస్టల్ల రవి అనే విద్యార్థి ఒక్క రోజు. మీకు నచ్చుతది, కానీ మెట్రోల మాత్రం చదవకండ్రి. అండ్ల కథ నడిచేది బయట కాదు, రవి తలకాయల. ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు దుంకుతది. ‘తదుపరి స్టేషన్’ అని వినవడంగనే ఆ దారం తెగుతది, మళ్ల కలపాల్నంటే నాలుగు పేజీలు ఎనుకకు పోవాలె. మూడు ఆదివారాలు, ఒక్కో ఆదివారం రెండేసి గంటలు తీసి చదివితేనే రుచి.

పుటల_లెక్క

గడీ గవాక్షం గారూ, ఆ మాటల పట్టీ విలువైన సలహా. ‘అంపశయ్య’ మీద మీరన్నదే సరి. ఒక్క చోట మాత్రం ఒప్పుకోలేను. నిజాం కాలం మూడు పుస్తకాలు వరసగా పెడితే అప్పుడే తెలుగులోకి తిరిగొస్తున్న వాళ్లకి బరువెక్కుతుంది, ఆ బాధలన్నీ ఒకే రకం బాధలు. కేశవస్వామి కథలు, ‘చిల్లర దేవుళ్లు’ వెంట వెంటనే పెట్టి, ‘ప్రజల మనిషి’ని దసరా తర్వాతకి ఉంచడం మేలు. పట్టీ అట్ట లోపల ఉండనే ఉంటుంది, దాన్ని చూసి ఇంకో కాగితం మీద ఎక్కించుకుంటే సరి.

కవిత్వం సంగతి ఎవరూ ఎత్తలేదు. తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ సంచిలో కాదు, మంచం పక్కన పెట్టుకోండి. రోజుకి ఒక్క కవిత, పైకి. దాన్ని పేజీల లెక్కలో వేయొద్దు. నేను చెప్పిన పైకి చదివే సాధన దానితోనే జరిగిపోతుంది. వచన కవితలో పాదం ఎక్కడ విరగాలో కవి ముందే విరిచి పెట్టాడు కాబట్టి నోటికి శ్రమ తక్కువ. దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19) మీద నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ మాత్రం రోజుకింత అని పంచుకోవద్దు. దీర్ఘకవిత, ఒకే కూర్చోడంలో చదవాలి. బయట జోరున వాన పడుతున్న రాత్రి చదివితే అది మామూలుగా ఉండదు.

ఫుట్‌పాత్_ఫారం

కొనడం గురించి నేను చెబుతాను.

ఈ మధ్య కొత్త తెలుగు పుస్తకాలు ఇంచుమించు పేజీకి రూపాయి పడుతున్నాయి. వెయ్యి పేజీలంటే వెయ్యి రూపాయలు, మీ 1,500లో సర్దుకుంటుంది. కాచిగూడ చౌరస్తాలో నవోదయ బుక్ హౌస్‌కి వెళితే మీ జాబితాలో చాలావరకు ఒకే చోట చూడొచ్చు. ఫోన్లో నొక్కి తెప్పించుకోవడం కంటే మొదటిసారి షాపుకి వెళ్లమనే అంటాను. పైన చెప్పిన వరుసల లెక్క పుస్తకం చేతిలో ఉంటేనే కుదురుతుంది. అన్నీ ఒకేసారి కొనొద్దు. రెండు కొనండి, అవి అయ్యాక రెండు. డిసెంబరులో బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంటుంది, తొందర లేని పెద్దవి అక్కడికి వాయిదా వేస్తే తగ్గింపు కలిసొస్తుంది.

ఆబిడ్స్ ఆదివారం సంత వానాకాలంలో జాగ్రత్తగా చేయాల్సిన బేరం. రెండు రోజులు తెరిపి ఇచ్చిన ఆదివారం వెళ్లండి. ముసురు పట్టిన రోజు వాళ్లు టార్పాలిన్ కప్పేస్తారు, కట్టలు విప్పరు. విప్పినా కింది వరుస తడిసే ఉంటుంది.

పాత పుస్తకం చేతికి తీసుకోగానే ధర అడగొద్దు. ముందు మూడు వైపులా అంచులు చూడండి. అల అలలుగా ఉంటే అది ఒకసారి తడిసి ఆరింది. అంతవరకు పర్వాలేదు, చదువుకోవచ్చు. తర్వాత బొటనవేలితో పేజీలన్నీ ఒకసారి జారవిడవండి. ఎక్కడైనా నాలుగైదు పేజీలు ఒక్కటిగా పడితే అవి అతుక్కున్నాయి, విడదీయబోతే అచ్చు ఊడొస్తుంది. వదిలేయండి. లోపల గోధుమ రంగు చుక్కలుంటే వయసు మచ్చలు, భయం లేదు. బూడిద రంగులోనో ఆకుపచ్చగానో పొడిలాగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టివాసన ఘాటుగా కొడితే అది బూజు. పది రూపాయలకిచ్చినా తేవద్దు. ఇంట్లో బీరువాలో మిగతా వాటికి అంటుకుంటుంది.

అసలు మోసం ఫారాల దగ్గర జరుగుతుంది. కావాలని ఎవరూ చేయరు, బైండింగులో జరిగే తప్పు. పుస్తకం అచ్చు వేసేటప్పుడు పెద్ద కాగితాన్ని మడిచి 8 లేదా 16 పేజీల ఫారంగా చేస్తారు, ఫారాలన్నీ వరసగా పేర్చి కుడతారు. ఒకటి జారిపోతే 16 పేజీలు మాయం, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. కాబట్టి 16, 17 చూడండి, 32, 33 చూడండి, 48, 49 చూడండి. అలా చివరిదాకా. 250 పేజీల పుస్తకానికి రెండు నిమిషాల పని. కొత్త పుస్తకానికీ చేయండి, షాపులోనే అయితే వెంటనే మార్చి ఇస్తారు.

ఇంకో రెండు ఉచ్చులు. ‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాలు. పాత ముద్రణల్లో మొదటి భాగం విడిగా దొరుకుతుంది, అదే మొత్తం అనుకుని చదివేసినవాళ్లు చాలామంది. ‘కన్యాశుల్కం’ గురజాడ రెండుసార్లు రాశారు. 1897లో అచ్చయింది మొదటిది. 1909లో వచ్చిన రెండోది బాగా పెంచి తిరగరాసింది, అందరూ చెప్పుకునేది ఆ రెండోదే. ఆడడానికి కుదించిన ప్రతులు కూడా పాత పుస్తకాల్లో తగులుతాయి. ముందుమాటలో ఏ కూర్పో చూసి తీసుకోండి.

లైబ్రరీని వదలొద్దు. చిక్కడపల్లి దగ్గర అశోక్‌నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది. ఒక శనివారం వెళ్లి, జాబితాలోవి ముందేసుకుని ఒక్కోదాంట్లో 15 పేజీలు చదవండి. మొదటి 5, మధ్యలో 5, మూడొంతులు దాటాక 5. మొదటి పేజీలు అందరూ శ్రద్ధగానే రాస్తారు, పుస్తకం నడక తెలిసేది మధ్యలో. ఆ 15 పేజీలు గడియారం పెట్టుకుని చదివితే దానికి మీ వేగం కూడా తేలిపోతుంది.

నాగోలు_రాయదుర్గం

అందరికీ ధన్యవాదాలండీ. మీరు చెప్పినవి కలిపి ఇలా వేశాను:

మృగశిర: ‘గాలివాన’, పద్మరాజు మిగతా కథలు కొన్ని
ఆరుద్ర: ‘అతడు అడవిని జయించాడు’
పునర్వసు, పుష్యమి: ‘కాలాతీత వ్యక్తులు’
ఆశ్లేష: ‘చార్మినార్ కథలు’
మఖ, పుబ్బ: ‘చిల్లర దేవుళ్లు’
ఉత్తర: ‘ప్రజల మనిషి’
హస్త: ‘అంపశయ్య’
రోజూ రాత్రి తిలక్.

ఇందులో తప్పేమైనా ఉందా? వాన జాగ్రత్తలు కూడా ఎవరైనా చెప్పగలరా? ఇంట్లో పుస్తకాల బీరువా పడమటి గోడకి ఉంది.

పొడి_అర

జాబితా పెద్దలు చూస్తారు, బీరువా సంగతి నేను చెబుతాను. ముందు దాన్ని పడమటి గోడ నుంచి జరపండి. మనకి వాన నైరుతి నుంచి వస్తుంది, జల్లు కొట్టేది పడమటి, దక్షిణపు గోడలకే. బయట ప్లాస్టరులో సన్నని చీలిక ఉన్నా గోడ లోపలిదాకా చెమ్మ ఎక్కుతుంది. ఆ చెమ్మ బీరువా వెనక చెక్కకి, దాన్నుంచి పుస్తకాలకి చేరుతుంది. లోపలి గోడకి మార్చడం కుదరకపోతే కనీసం రెండంగుళాలు ముందుకి లాగండి, గాలి ఆడాలి. పుస్తకాలు అరలో కుక్కొద్దు. వేలు పెట్టి సులువుగా తీయగలిగేంత వదులుండాలి. వారానికి రెండుసార్లు, వాన లేని మధ్యాహ్నం తలుపులు తీసి ఫ్యాను వేయండి. ముసురు రోజు తీస్తే తడిగాలిని లోపలికి పిలిచినట్టే.

గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి అరలో పెట్టుకుంటే ఊహలు అక్కర్లేదు. సిలికా జెల్ మూసి ఉన్న పెట్టెలోనే పనిచేస్తుంది. తలుపు సందులున్న బీరువాలో రెండు పొట్లాలు పడేస్తే ఒక్క రోజులో నీరు పట్టేసి ఊరుకుంటాయి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో కనిపిస్తుంది. నిండినదాన్ని ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. వేపాకు పెట్టే అలవాటుంటే పూర్తిగా ఎండి, నలిపితే పొడి అయ్యేదే పెట్టండి. పచ్చి ఆకు పెడితే తేమని మనమే లోపల పెట్టినట్టు. కలరా ఉండలు పురుగుల్ని తరుముతాయి గానీ బూజుని ఆపవు, పైగా పడకగదిలో ఆ వాసన మంచిది కాదు.

సంచిలో పుస్తకానికి జిప్ కవరు వాడండి, కానీ దారిలో ఉన్నంతసేపే. ఇంటికి రాగానే బయటికి తీయాలి. రాత్రంతా కవరులో ఉంచితే లోపలి తేమ పోయే దారిలేక అట్ట లోపలి జిగురు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ అట్టలు వేసే అలవాటూ ఈ నాలుగు నెలలు మానండి. కాగితపు అట్ట చాలు.

అయినా తడిస్తే కంగారుపడొద్దు. తెరిచి లాగొద్దు, ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు. వేడికి పైపైన ఆరి లోపల తడి నిలిచిపోతుంది, వెన్ను వంకరపోతుంది. ముందు పుస్తకాన్ని మూసే ఉంచి తువ్వాలుతో అద్దండి. ప్రతి పదిహేను కాగితాలకి ఒక తెల్ల టిష్యూ పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. గంటకోసారి టిష్యూలు మార్చండి. నీరు దిగడం తగ్గాక పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు కొంచెం విచ్చుకునేలా ఉంచి, ఫ్యాను గాలి నేరుగా కాకుండా పక్కనుంచి తగిలేలా పెట్టండి. ఇంకా కాస్త చల్లగా తగులుతున్నప్పుడే, పూర్తిగా ఆరకముందే, రెండు చెక్కల మధ్య పెట్టి పైన బరువు ఉంచితే అంచులు అలలు తేలవు. బొమ్మలున్న నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకం తడిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, ప్రతి పేజీ మధ్యా టిష్యూ పడాలి. అది ఆరేటప్పుడు అట్టముక్కలా అతుక్కుంటుంది, మళ్లీ విడదు.

ఆఫీసుకి వెళ్లే తొందరలో ఇదంతా చేయలేకపోతే జిప్ కవరులో పెట్టి డీప్ ఫ్రీజర్లో ఉంచేయండి. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు. ఆదివారం తీసి నెమ్మదిగా పైన చెప్పిన పని మొదలుపెట్టొచ్చు.

గడీ_గవాక్షం

జాబితా మంచిగుంది, రెండు దిద్దుబాట్లు. ‘ప్రజల మనిషి’ని ఉత్తరల ఒక్క కార్తెకు పెట్టిన్రు. అది 14 రోజులల్ల మీ వేగానికి కాదు. పుటల లెక్క అన్న అన్నట్టు దసరా ఎన్కకు జరపండ్రి, ఈసారి ఆయన మాటే సరైంది. ఆ ఉత్తరను ఖాళీ ఉంచండ్రి, ఎన్కవడ్డది అండ్ల పూర్తిచేసుకోవచ్చు.

రెండోది, ‘అంపశయ్య’ హస్తల పెడితే అది బతుకమ్మ, దసరా నడుమ పడొచ్చు. ఆదివారాలు మీ చేతిల ఉండవు. ఆశ్లేషల రెండు ఆదివారాలకు మించి రావు, మఖ మొదటి ఆదివారం కలుపుకోండ్రి. పొద్దున రైల్ల ‘చార్మినార్ కథలు’, ఆదివారం ఇంట్ల ‘అంపశయ్య’. ఒకటి కథలు, ఒకటి నవల, కలగాపులగం కాదు. ఆదివారం గంట సరిపోదు, రెండు తియ్యాలె. ‘యుగాంతం’ మాత్రం దాని ముందటి ఆదివారం, పుష్యమిలనే చదివెయ్యండ్రి.

పుటల_లెక్క

అంగీకరిస్తున్నాను. హస్త అలా ఖాళీ అయింది కాబట్టి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల అధ్యాయం లైబ్రరీ ప్రతిలో అక్కడ పెట్టుకోండి, నలభై నిమిషాల ముక్కల్లో సాగుతుంది. ఆరుద్ర ముగిసిన రోజు, అంటే జూలై 5 ప్రాంతంలో, గడియారం పెట్టి ఒక పది పేజీలు చదివి ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడ రాయండి. రెండున్నర దగ్గర ఉంటే జాబితా ఇలాగే నడుస్తుంది. ఇంకా మూడు దగ్గరే ఉంటే ‘చిల్లర దేవుళ్లు’కి ఉత్తర కూడా ఇచ్చేద్దాం.